పాదాల కింది సీసం

కొత్త హాలు సర్దుతున్నవాళ్ళు పళ్ళెమావిడను దిమ్మ మీద నిలబెట్టబోతే ఆవిడ నిలబడలేదు. రాత్రంతా బస్సులో కూర్చుని అప్పుడే దిగిన మనిషిలా అటూ ఇటూ తూలింది. మోకాలెత్తు కంచు విగ్రహం అది. ఒక ఆడమనిషి రెండు చేతులా ఖాళీ పళ్ళెం పట్టుకుని ఉంటుంది. అందులో ఒకప్పుడు ఏం పెట్టేవారో ఎవరికీ తెలియదు గనక మ్యూజియంలో అందరికీ ఆవిడ పళ్ళెమావిడే. లోపల ఎక్కడైనా పగిలిందేమో చూడమని లోహాల గదికి పంపించారు.

లోహాల గది కిలుమక్కది. కంచుకు పట్టే పచ్చటి కిలుమును గీకుతూ, భూతద్దంలో చూస్తూ, దాని గురించి రాస్తూ తల నెరిసిపోయింది గనక ఆ పేరు వచ్చింది. ముందు చాటున అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు, చివరికి ఆవిడే పలకడం మొదలుపెట్టింది. కాదని పోట్లాడటానికి కూడా ఓపిక కావాలి కదా. ఆ ఓపిక కిలుమక్క దగ్గర అయిపోయి చాలా కాలమైంది. మధ్యాహ్నం దాటితే పిక్కలు రాయి కడతాయి. బల్ల కింద చెప్పులు విడిచేసి, చల్లటి గచ్చు మీద అరికాళ్ళు ఆనించి పని చేసుకుంటుంది.

విగ్రహాన్ని ఎక్స్‌రే తీసి, ఫిల్ము తడి ఆరకముందే వెలుగుపెట్టె మీద పరిచాడు ఎక్స్‌రే ఆయన. ఆసుపత్రిలో మనుషులకు తీసి తీసి విసుగొచ్చి ఇక్కడ చేరినవాడు. విగ్రహాలయితే ఊపిరి బిగబట్టమని చెప్పక్కర్లేదు, అదొక్కటీ సుఖమంటాడు.

"ఎముకలేం విరగలేదక్కా. చెప్పులేసుకుందంతే" అన్నాడు.

కిలుమక్క వంగి చూసింది. నిజంగానే పళ్ళెమావిడ చెప్పులు వేసుకున్నట్టుంది. ఒళ్ళంతా ఫిల్ములో ఒకటే బూడిద రంగు, నున్నగా, మచ్చ లేకుండా ఉంది. చీలమండల కిందికి వచ్చేసరికి తెల్లగా మారిపోయింది. తెలుపంటే సీసం. ఆ తెలుపు నిండా ఉడుకుతున్న గంజిలో బుడగల్లా నల్లటి చుక్కలు. తెలుపుకూ బూడిద రంగుకూ మధ్య సన్నటి గీత, గట్టులాగా స్పష్టంగా ఉంది. ఒళ్ళు ఒకసారి పోశారు. చల్లారాక, ఎప్పుడో, పాదాలూ, వాటి కింద దిమ్మలోకి దిగే చీలా ఇంకెవరో ఇంకో లోహంతో పోసి అతికించారు.

ఎక్స్‌రే ఆయన పగులు లేదని రాసుకుని వెళ్ళిపోయాడు. కిలుమక్క ఎత్తుపీట మీద కూర్చుండిపోయింది. ఆవిడ మనసు పళ్ళెమావిడ మీద లేదు. ఇంట్లో ముందుగదిలో మంచం మీద దగ్గుతూ, అచ్చయ్యే పుస్తకం కోసం ఎదురుచూస్తున్న బావగారు గుర్తొచ్చారు.

బావగారంటే ఆవిడ భర్తకు అన్నగారు. ఆ లోహాల గదిని పెట్టిందే ఆయన. మ్యూజియంలో ఆయన్ని చీల మాస్టారు అనేవారు, దానికి కారణముంది. విగ్రహం ఎక్కడ పోశారో తెలియాలంటే లోపలి లోహం చిటికెడు కావాలి. పైపైన చూసి చెప్పే యంత్రాలున్నాయి గానీ, మట్టిలో వందల ఏళ్ళు నానిన పైపొర లోపలి సంగతి చెప్పదు. డ్రిల్లు సన్నటి ముల్లుతో బెజ్జం వేసి, రాలిన లోహప్పొడి, రజను, తీయాల్సిందే. మాస్టారికి ముందున్నవాళ్ళు చెవి అంచులూ వేలి కొసలూ కత్తిరించి పట్టుకుపోయేవారట. ఆయన వచ్చి ఆ మోటు పని మాన్పించారు. బొమ్మకు నొప్పి లేకపోవచ్చు, చూసేవాడికి ఉంటుంది అనేవారు. అప్పటినుంచీ బెజ్జం పడితే పాదాల కింది చీలకే పడాలి. అది దిమ్మ బెజ్జంలోకి దిగి ఉంటుంది, ఎవరికీ కనబడదు. ఎక్కడా రాసి పెట్టకపోయినా ఆ గదిలో దాన్ని దాటినవాళ్ళు లేరు. పక్క ఊళ్ళ మ్యూజియంలవాళ్ళు కూడా చూసి నేర్చుకున్నారు.

ఆ రజనులో సీసం చూస్తారు. సీసంలో బరువు తేడా ఉన్న రకాలు కొన్ని కలిసి ఉంటాయి. ఏ గని సీసంలో వాటి పాళ్ళు ఆ గనివే, ఒక ఇంటి ముక్కు ఆ ఇంటి పిల్లలందరికీ వచ్చినట్టు. అలా ఒక్కొక్కటే చూసి, మ్యూజియంలో చీల ఉన్న విగ్రహాలన్నిటినీ మాస్టారు రెండు కొలుముల కింద తేల్చారు. కొండల వైపువి ఎగువ కొలిమి, సముద్రం వైపువి రేవు కొలిమి. ఆయన జీవితమంతా ఆ విభజనే. పెళ్ళి చేసుకోలేదు. ఆమ్లాల పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. కొత్త హాలులో కుడివైపు ఎగువ కొలిమి, ఎడమవైపు రేవు కొలిమి అని గోడల మీద రాయించారు కూడా. ఆయన పేరుతో పుస్తకం అచ్చుకు వెళ్ళింది.

ఇప్పుడు ఆ చీల విగ్రహానిది కాదంటోంది ఫిల్ము. అంటే చీలలోని సీసం చెప్పింది పాదాల సంగతి. ఒంటి సంగతి ఎవరూ అడగనే లేదు. ఏ వెధవ పని చేసి ఉన్నా ఈ పొరపాటు జరిగేది కాదు. మర్యాదగా, కంటపడని చోట, జాగ్రత్తగా చేశారు గనకే జరిగింది.

ఒక్క విగ్రహంతో కొంప మునగదని కిలుమక్క తనకు తాను చెప్పుకుంది. మర్నాడు ఎక్స్‌రే ఆయనను బతిమాలి ఇంకొన్ని తీయించింది. ఎందుకని ఆయన అడగలేదు. ఫిల్ములు మాత్రం వరసగా పరిచి, ఊరంతా ఒకే దుకాణంలో చెప్పులు కొన్నట్టుందే అన్నాడు. ఆవిడకు నవ్వు రాలేదు.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన ఫిల్ములకేసి చూడకుండా ఆవిడ మొహంలోకి చూస్తూ విన్నాడు. హాలు తెరిచే రోజు దగ్గరపడింది, పెద్దలకు పిలుపులు వెళ్ళాయి. అయినా కాదనలేదు, కాదంటే రేపెవరైనా తప్పు తనదంటారు. ఒంటి మీద బెజ్జం వేసి చూస్తేగానీ తేలదు గదా అన్నాడు. ఒంటి మీద వేయకూడదన్నది మాస్టారి కట్టుబాటు గదా అన్నాడు. అందుకని మాస్టారు సరేనంటే తనకేం అభ్యంతరం లేదని తేల్చి, ఫోను చెవిన పెట్టుకున్నాడు. ఎవరి పని కూలిపోతుందో ఆయన్నే అడిగి గునపం తెచ్చుకోమన్నట్టయింది. అడగాల్సింది ఇంటి కోడలు.

ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పింది. ఆయనకు మందుల షాపు. షాపులో ఎవరితోనైనా మెత్తగా మాట్లాడతాడు, ఆ మెత్తదనం ఇంటికి చేరేసరికి చాలావరకు ఖర్చయిపోతుంది. అన్నయ్య ఇంకా ఎన్నాళ్ళుంటాడు, ఉన్నన్నాళ్ళూ ఆ చీలల్ని చీలలుగానే ఉండనివ్వరాదా అన్నాడు. తర్వాత వచ్చేవాళ్ళెవరో చూసుకుంటారు, నీకెందుకన్నాడు. చివరికి షర్టు విప్పుతూ, "అన్నయ్యకున్నది కాస్త ఊపిరి. అది కూడా నువ్వే లాక్కుంటానంటే లాక్కో" అని స్నానానికి వెళ్ళిపోయాడు.

కిలుమక్క గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత వచ్చేవాళ్ళు అంటే ఎవరు? ఆ గదిలో తన తర్వాత ఎవరినీ వేయలేదు. ఎవరైనా వచ్చినా, ముందుగా చూసి నోరు మూసుకున్నది ఎవరని ఫిల్ముల మీద తేదీలే చెబుతాయి. ఇదంతా నిజమే గానీ, ఆవిడ మనసులో ఇంకొకటి ఉంది. బావగారు వద్దంటే బాగుండునని ఉంది. వద్దంటే మళ్ళీ ప్రతి విగ్రహాన్నీ దింపడం, పట్టడం, బెజ్జం వేయడం, తూచడం, ఇవేవీ ఉండవు. ఆ ఆశ ఉందని తెలిసే కొద్దీ ఆవిడకు ఇంకా నీరసం వచ్చింది.

రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు ఆదివారం. పొద్దున మాత్రలిచ్చి, టీ పెట్టి, మళ్ళీ వచ్చి మాత్రలిచ్చింది. బావగారు వాటిని అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఇందాకే ఇచ్చావమ్మాయ్. తమ్ముడి షాపు సరుకు చెల్లడం లేదా?"

కిలుమక్క మాత్రలు వెనక్కి తీసుకుని డబ్బాలో వేసింది.

"ఈమధ్య నా మొహం చూడటం లేదు నువ్వు. ఏం జరిగింది? పుస్తకం ఆపేశారా?"

"లేదు బావగారు."

"మరి?"

ఆవిడ లోపలికి వెళ్ళి సంచిలోంచి ఫిల్ము తెచ్చింది. బాగా వెలుతురు వచ్చేది గిన్నెలు తోముకునే చోట కిటికీ దగ్గరే. ఆయన గోడ పట్టుకుంటూ అక్కడికి వచ్చారు. ఆరబెట్టిన పళ్ళాలు పక్కకు జరిపి, ఫిల్మును అద్దానికి ఆనించి పట్టుకుంది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి చూశారు. చాలాసేపు చూశారు. ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"బుడగలు చూశావా?" అన్నారు.

"చూశాను."

"ఒంట్లో ఒక్క బుడగ లేదు. కింద పోసినవాడు దుర్మార్గుడు, మూసను సరిగా కాల్చనైనా లేదు. ఆ చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు." ఆ మాట అన్నాక గానీ ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు తగిలినట్టు లేదు. కళ్ళజోడు కిందికి దించుకున్నారు. "మరమ్మతు అయ్యుంటుందమ్మా. ఎప్పుడో కాలు విరిగితే ఎవరో అతికారు. ఈ ఒక్కదాన్ని పట్టుకుని..."

"ఇంకొన్ని తీయించాను బావగారు."

"అన్నిటికీ ఈ అతుకు ఉందా?"

"ఒక్కదానికి లేదు. దానికసలు చీలే లేదు. అందుకే మీరు దాన్నెప్పుడూ ముట్టుకోలేదు."

ఆయన కుళాయి గట్టు మీద చెయ్యి ఆనించుకున్నారు. డైరెక్టరు ఏమన్నాడని అడిగారు. మీరొప్పుకుంటే ఒంటి మీద బెజ్జం వేయమన్నారని ఆవిడ ఫిల్ముకేసి చూస్తూ చెప్పింది. బావగారికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు తగ్గేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"నన్నే అడగమన్నాడా? పైకొస్తాడు" అన్నారు. అంతే. గోడ పట్టుకుంటూ వెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకున్నారు.

ఆ వారం ఇల్లు ఇల్లులా లేదు. బావగారు పెట్టింది తిన్నారు, ఇచ్చింది మింగారు, మాట్లాడలేదు. భర్త కూడా మాట్లాడలేదు గానీ ఆయన తలుపులు మాట్లాడాయి. కిలుమక్క ఇంట్లో పని చేసుకుని, మ్యూజియంలో పని చేసుకుని, వస్తూ వస్తూ బస్సులో నిద్రపోయి దిగాల్సిన చోటు దాటిపోయింది. బల్ల మీద పళ్ళెమావిడ గుడ్డలో పడుకుని ఉంది. ఆవిణ్ణి చూసినప్పుడల్లా, తల్లీ, నీ పనే బాగుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకునేది.

ఒక ఉదయం లోహాల గది తలుపు దగ్గర ఎవరో ఊదుతున్నట్టు చప్పుడైంది. చూస్తే బావగారు. ఆటో ఎక్కి, మెట్లెక్కి వచ్చేశారు. ఒక చేత్తో తలుపు పట్టుకుని ఊపిరి కూడదీసుకుంటున్నారు. ఎక్స్‌రే ఆయన పరుగున కుర్చీ తెచ్చాడు. తమ్ముడికి చెప్పి వచ్చారా అని కిలుమక్క అడిగితే, చెబితే రానిస్తాడా అన్నారు. నీళ్ళు తాగారు. గుడ్డ తీయమన్నారు.

"ఎక్కడ వేద్దామనుకుంటున్నావు?"

"వెనక, జడ కింద బావగారు. నీడలో ఉంటుంది, ఎవరి కంటా పడదు."

"మళ్ళీ చాటుకేనా? ఆ జడ కూడా ఇంకెవడో పోసి అతికించాడేమో, నీకేం తెలుసు? ఇన్నాళ్ళూ చేసిందదే గదా మనం. కండ ఉన్న చోట వెయ్యి." ఆయన వేలు పళ్ళెమావిడ నడుం పక్కన, తొడ మొదలయ్యే చోట ఆగింది. "ఇక్కడ."

"అందరికీ కనబడుతుంది."

"కనబడనీ."

ఎక్స్‌రే ఆయన గొంతు సవరించుకుని కిటికీకేసి చూశాడు. బావగారు విగ్రహాన్ని మెత్తల మధ్య పెట్టించి, తనే రెండు చేతులా పట్టుకున్నారు. ఎప్పుడు రజను తీసినా పట్టుకునేది ఆయనే. డ్రిల్లు ఆవిడది, పట్టు ఆయనది. పనిలో చేరిన కొత్తలో, చెయ్యి వణకని పిల్ల, ఇంట్లో గిన్నెలు పగలవు అంటూ ఆయన తమ్ముడికి సంబంధం చెప్పింది కూడా ఆ పనిలో ఆవిణ్ణి చూసే.

కిలుమక్క ముల్లు ఆనించింది. పళ్ళెమావిడ ఒణుకుతోంది. ముల్లు ఆనిన చోట చిన్న గీత పడబోయింది, ఆవిడ డ్రిల్లు ఎత్తేసింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ ఒణికింది. విగ్రహం ఒణకదు గదా. ఆవిడ ఆ చేతులకేసి చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"బావగారు, వదిలేయండి."

ఆయన వెంటనే వదల్లేదు. తర్వాత ఒక్కొక్క వేలే తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఎక్స్‌రే ఆయన వచ్చి ఆ స్థానంలో పట్టుకున్నాడు. డ్రిల్లు సన్నగా మూలిగింది. మొదట వచ్చిన పచ్చటి పొడిని ఊదేసింది. తర్వాత కాగితం మీద మెరిసే చుట్టలు రాలాయి, మేలిమి ఉంగరం రంగులో, కొంచెం ఎరుపుగా ఉన్నాయి. చీలలోంచి ఎప్పుడూ వచ్చేది బూడిద రంగు రజను. బావగారు కాగితాన్ని వెలుతురు వైపు వంచి చూశారు. ఇంక యంత్రం చెప్పేది ఏముంది, అంకెలు తప్ప.

"ఉద్యోగమంతా వీళ్ళ కాళ్ళు పట్టుకుని తిరిగానన్నమాట" అన్నారు.

నవ్వొచ్చే మాటే. కిలుమక్క కాగితం మడిచి చుట్టల్ని సీసాలోకి వంచింది.

అంకెలు రావడానికి కొన్ని రోజులు పట్టింది. వచ్చిన కాగితాన్ని కిలుమక్క బస్సులో మళ్ళీ మళ్ళీ చదువుకుంది. పాదాల్లా ఒళ్ళు కూడా రేవు కొలిమిది కాకపోతే ఎగువ కొలిమిది అవుతుందనీ, ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చితే సరిపోతుందనీ లోపల ఎక్కడో అనుకుంది. ఎగువ కాదు, రేవు కాదు. ఆ అంకెలకు దగ్గరగా వచ్చే గని తమ పట్టికల్లో ఎక్కడా లేదు.

ఇంటికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ ముందుగదిలోనే ఉన్నారు. షాపు మూసి పెందలాడే వచ్చేశాడు భర్త. ఆవిడ చెప్పులు విడవకుండానే కాగితం ఇచ్చింది.

"అయితే ఎక్కడిది?" అన్నారు బావగారు.

"తెలియదు."

ఆ మాట అనడానికి ఆవిడ దారంతా భయపడింది. అన్నాక గదిలో ఏమీ కూలలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. దూరాన ఎక్కడో పోసిన విగ్రహాల్ని కాళ్ళు లేకుండానే మోసుకొచ్చి అమ్మి ఉంటారనీ, కొన్న ఊరివాళ్ళు తమ దిమ్మకు తగ్గట్టు తమ సీసంతో పాదాలు పోయించుకుని నిలబెట్టుకున్నారనీ తనకు తోచింది చెప్పింది. ఒళ్ళు పుట్టింటిది, కాళ్ళు అత్తారింటివి. కాబట్టి మీ లెక్క తప్పు కాదు బావగారు, ఏ విగ్రహం ఏ ఊళ్ళో నిలబడిందో అది ఇప్పటికీ చెబుతుంది అంది.

"ఓదార్చకు. అంత ఓపిక ఉంటే మిగతావాటి రజను తియ్యి." కాగితం మడత పెట్టి తమ్ముడి చేతికిచ్చారు. "అచ్చువాడికి ఫోన్ చెయ్యరా. పుస్తకం ఆపమను. నా పేరే చెప్పు, నీ భార్య పేరు చెప్పకు."

భర్త ఆవిడకేసి చూశాడు. ఇన్నాళ్ళ తర్వాత చూశాడు. ఫోను తీసుకుని బయట అరుగు మీదికి వెళ్ళాడు. అచ్చువాడితో షాపులో మాట్లాడే గొంతుతోనే మాట్లాడటం వినిపించింది.

మర్నాడు డైరెక్టరు చాలాసేపు అరిచాడు. తర్వాత లెక్కలు వేసుకుని చల్లబడ్డాడు. గోడల మీద ఎగువ, రేవు అన్న అక్షరాలు అలాగే ఉంచి, కొలిమి అన్న మాట చెరిపించాడు. ఒక్కొక్క విగ్రహం తేలేదాకా కింద కొత్త చీటీలు పెట్టమన్నాడు. పళ్ళెమావిడ చీటీని బావగారే చెప్పి రాయించారు. ఎక్కడ పోశారో తెలియదు, పాదాలు రేవులో పోశారు. అంతే.

సెలవురోజు మధ్యాహ్నం కిలుమక్క స్టూలు మీద కాళ్ళు చాపుకుని, బావగారి మంచం పక్కనే కునుకు తీస్తోంది. సోమవారం నుంచి ఎడమ గోడ మొత్తం దింపాలి. ఫోను మోగింది. డైరెక్టరు. చీటీలు అచ్చు వేసేవాడు పక్కనే ఉన్నాడట, తెలియదు అన్న మాటను మిగతావాటికంటే కొంచెం చిన్న అక్షరాల్లో వేయిద్దామా అని అడుగుతున్నాడు. మ్యూజియం పరువు కూడా చూడాలి కదా అంటున్నాడు.

ఆవిడ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి బావగారిని అడిగింది. నిద్రపోతున్నారనుకుంది గానీ లేదు. అటు తిరిగే ఉన్నారు.

"పెద్దవే వేయమను" అన్నారు గోడతో చెబుతున్నట్టు. "చిన్నవి వేస్తే చదవడానికి జనం దగ్గరికొస్తారు. దగ్గరికొచ్చినవాడు ఊరికే ఉండడు, చెయ్యి పెడతాడు."